డిచ్‌పల్లి వైద్యశాల – ఒక దీర్ఘరోగము చరిత్ర

ఈ మాఘమాసములో మాకు జక్రాన్‌పల్లి ప్రాంతము నుండి ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు పసుపు రైతు. పేరు బయటపెట్టవద్దని మొదటి పంక్తిలోనే కోరినారు గనుక మేము పెట్టుట లేదు. ఉత్తరములోని ముఖ్యభాగము ఇది: "పన్నెండు నెలలు తప్పకుండ మందు మింగినాను. మందు పూర్తయినదని కార్డు మీద వ్రాసి ఇచ్చినారు. ఒంటి మీది మచ్చలు చాలవరకు మాసినవి. కాని ఎడమచేతి చిటికెనవేలికి, ఉంగరపువేలికి స్పర్శ రాలేదు. మొన్న పసుపు ఉడకబెట్టేటప్పుడు చేయి కాలినది. బొబ్బ లేచినదని మా ఇంటామె చూచి చెప్పేదాకా నాకు తెలియనే తెలియదు. అయ్యా, నా రోగము పోయినట్లా, పోనట్లా?"

ఆయన ఆ రోగము పేరు ఉత్తరములో ఎక్కడా వ్రాయలేదు. వ్రాయనక్కరలేదు కూడ. మనకందరికీ తెలిసినదే. మా చిన్నతనములో పెద్దలు దానిని పేరుపెట్టి పిలిచేవారు కారు. "పెద్దరోగము" అని గొంతు తగ్గించి అనేవారు. వైద్యుని అడిగితే ఈ ప్రశ్నకు రెండు వాక్యములలో సమాధానము చెప్పగలడు. ఆ సమాధానము మేముకూడ చివర చెప్పుదుము. అయితే ఈ ప్రశ్న ఈ రైతుతో పుట్టినది కాదు. జక్రాన్‌పల్లి నుండి హైదరాబాదు వైపుగా జాతీయ రహదారి మీద కొద్ది మైళ్ళు పోతే డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ ఈ ప్రశ్నను నూరేండ్లకు పూర్వమే వేలమంది అడిగినారు. వారికి ఏ కాలమున ఏమి జవాబు దొరికినదో తెలుసుకొనుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా పేరు సంగతి. ఆయుర్వేదములో కుష్ఠము అనే మాట చాల విశాలమైనది. చరక సుశ్రుతులు పదునెనిమిది విధముల కుష్ఠములను చెప్పినారు. ఏడు మహాకుష్ఠములు, పదునొకండు క్షుద్రకుష్ఠములు. నేడు మనము గజ్జి, తామర అని పిలిచే చర్మవ్యాధులు కూడ ఆ లెక్కలోనికి వస్తవి. ఈ విశాలత్వము వలన ఒక కీడు జరిగినది. ఏ హానియు లేని బొల్లిమచ్చకు సైతము "తెల్లకుష్ఠు" అని పేరుపడి, ఎందరో ఆడపిల్లల పెండ్లిండ్లు ఆగిపోయినవి. మన సాహిత్యములోనూ ఈ వ్యాధి ఎక్కువగా శాపముగానే కనబడుతుంది. మయూరకవి సూర్యుని నూరు శ్లోకములతో స్తుతించి కుష్ఠు పోగొట్టుకొన్నాడని కథ. శాపమైతే స్తోత్రముతో పోవచ్చును. కాని నరములలో దాగిన సూక్ష్మజీవి పోవుటకు వేరే మార్గము కావలెను.

ఆ సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశములోని బెర్గెన్ నగరమున హాన్సెన్ అనే వైద్యుడు కనుగొన్నాడు. దాని స్వభావము విచిత్రమైనది. కలరా క్రిమి గంటలలో వృద్ధిపొందుతుంది. ఈ క్రిమి ఒకటి రెండు కావలెనంటే రమారమి రెండు వారములు పడుతుంది. శరీరములో ప్రవేశించిన తరువాత రోగము పైకి కనబడుటకు సగటున ఐదేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువదేండ్లు పట్టవచ్చును. అదృష్టవశమున మనలో నూటికి తొంబదిమందికి పైగా దానిని ఎదుర్కొనగల శక్తి పుట్టుకతోనే ఉన్నది. తాకినంత మాత్రమున అది అంటదు. వంశపారంపర్యముగా రాదు. మందు తీసుకొనని రోగితో చాలకాలము దగ్గరగా మెలగినవారిలో, అందులోనూ కొందరికే సోకుతుంది. ఇంత మందకొడి క్రిమిని చూచి లోకము అంతగా భయపడుటకు కారణము మరొకటి. అది చర్మము క్రింది నరములను తినివేస్తుంది. నొప్పి తెలియని చేయి, నొప్పి తెలియని పాదము మిగులుతవి. ఆ చేతిని, ఆ పాదమును తరువాత పాడుచేసేది ఎక్కువగా క్రిమి కాదు, మన నిత్యజీవితమే. ఈ సంగతి మానవజాతి గ్రహించుటకు హాన్సెన్ తరువాత మరి డెబ్బదియైదేండ్లు పట్టినది.

అంతవరకు ప్రపంచమునకు తెలిసిన ఉపాయము ఒక్కటే, దూరముగా పెట్టుట. బ్రిటిషు ఇండియాలో 1898లో ఒక చట్టము చేసినారు. దిక్కులేక తిరుగు కుష్ఠురోగులను పట్టుకొని ఆశ్రమములలో ఉంచుటకు ఆ చట్టము అధికారమిచ్చినది. అంతకు ముందే, 1869లో, వెల్లెస్లీ బెయిలీ అనే ఐరిష్ యువకుడు పంజాబు ప్రాంతములోని అంబాలాలో అటువంటి ఆశ్రమమును చూచి చలించిపోయి, 1874లో కుష్ఠురోగుల సేవకై ఒక సంస్థను నెలకొల్పినాడు. అప్పటి ఆశ్రమములలో తిండి, బట్ట, పుండ్లకు కట్టు దొరికేవి. వైద్యము మాత్రము లేదు. లేనిది ఎవరు ఇవ్వగలరు? అక్కడికి వెళ్ళినవాడు తిరిగి ఇంటికి వస్తాడని ఎవరూ అనుకొనేవారు కారు.

అటువంటి రోజులలో, 1907లో, ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు భర్త జార్జి కెర్‌తో కలసి హైదరాబాదు సంస్థానమునకు వచ్చినారు. ఆమె 1875లో పుట్టినారు. అబర్డీన్ విశ్వవిద్యాలయములో 1903లో వైద్యపట్టము పొందినారు. స్త్రీలు వైద్యవిద్య చదువుటయే అరుదైన కాలమది. భర్త మెథడిస్టు సంఘపు ప్రచారకుడు. నిజామాబాదు జిల్లాలో పనిచేయుచుండగా, ఆ ప్రాంతమున కుష్ఠురోగులు ఎందరున్నారో, వారికి ఏ ఆదరువూ ఎట్లు లేదో ఆ దంపతుల కంటబడినది. 1911లో నిజామాబాదులో చిన్నగా పని మొదలుపెట్టినారు. రోగులు ఎక్కువై చోటు చాలలేదు. అప్పుడు నర్సాగౌడ్ అనే స్థానిక దాత ముందుకు వచ్చి ధనసహాయము చేసినారు. ఆయన హిందువు, సంపన్నుడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా పేరిట వైద్యశాల వెలసినది. ముస్లిము ప్రభువు పాలించు సంస్థానములో, క్రైస్తవ వైద్యురాలి చేతిమీదుగా, హిందూ దాత ధనముతో ఆ కట్టడము లేచినది. ఆ రోజులలో దీనిని ఎవరూ వింతగా చెప్పుకొన్నట్లు లేదు. అదియే మాకు వింతగా తోస్తుంది.

డిచ్‌పల్లి కోటగుట్ట మీద రామాలయము, దాని శిల్పములు చూచుటకు వెళ్ళేవారు నేటికీ ఉన్నారు. 2006లో ఆ ఊరనే తెలంగాణ విశ్వవిద్యాలయము వచ్చినది. కాని మా పెద్దల తరమున ఆ చుట్టుప్రక్కల "డిచ్‌పల్లికి పోయినాడు" అనే మాటకు అర్థము వేరుగా ఉండేది. ఆ మాట విన్నవారు మరి ఏమీ అడిగేవారు కారు.

మొదటి సంవత్సరములలో డిచ్‌పల్లియు తక్కిన ఆశ్రమముల వంటిదే. దానిని వైద్యశాలగా మార్చినది ఒక నూనె. ఆ నూనె మనకు క్రొత్తది కాదు. అడవిబాదము, నీరడివిత్తులు అని మన వైద్యులు పిలిచే గింజల నుండి తీసేదే. సుశ్రుతుడు తువరకమని పేర్కొని, పశ్చిమసముద్ర తీరమున పెరిగే ఆ చెట్టు గింజల తైలమును కుష్ఠులో వాడమన్నాడు. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, దానిని త్రాగితే కడుపులో త్రిప్పి వాంతి అవుతుంది. నెలల తరబడి త్రాగగలవాడు నూటికొకడు. సూదితో ఎక్కించబోతే చిక్కటి జిగట. చర్మము క్రింద గడ్డలు కట్టి కరగకుండ ఉండిపోయేది.

ఈ ముడి విప్పినవారిలో ఒకరిని లోకము చాలకాలము మరచిపోయినది. హవాయి దీవులలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి యువతి రసాయనశాస్త్రము బోధించేది. ఆమె ఆ నూనెలోని ఆమ్లములను వేరుచేసి, శరీరములో ఇమిడిపోయే పలుచటి మందుగా మార్చే పద్ధతి కనిపెట్టినది. 1916 డిసెంబరు ఆఖరు రోజున, ఇరువదినాలుగేండ్ల వయస్సులో మరణించినది. ఆ పద్ధతి ఇంకొకరి పేరుమీద ప్రచారమైనది. ఆమె పేరు వెలుగులోనికి వచ్చుటకు అర్ధశతాబ్దము దాటినది. అదే కాలమున కలకత్తాలో లియొనార్డు రోజర్సు, ఆయన వెనుక ఎర్నెస్టు ముయిర్, ఈ నూనె నుండి సూదిమందులు తయారుచేసి మన దేశపు రోగులపై ప్రయోగించి చూచినారు. ముయిర్ గారు మరొక సంగతి కూడ పట్టుకొన్నారు. సూదిమందు ఒక్కటే చాలదు. మంచి తిండి, ఒళ్ళు వంచి చేసే పని, రక్తహీనత మొదలగు తక్కిన జబ్బులకు చికిత్స కూడ ఉండవలెనని ఆయన మతము. ఈ క్రొత్త వైద్యము డిచ్‌పల్లిలో ప్రవేశించినది. 1923లో కెర్ దంపతులకు కైసరెహింద్ పతకము లభించినది.

ఆ సూదులు ఎట్టివో కొంచెము ఊహించుకొనవలెను. వారమునకు ఒకటి రెండు చొప్పున, ఎడతెగక, రెండేండ్లు, మూడేండ్లు, కొందరికి అంతకుమించి. పొడిచిన చోట నొప్పి, వాపు, కొందరికి జ్వరము. అయినను జనము వచ్చినారు. తరుముకొని తెచ్చిన రోగులు పోయి, తమంతట తాము నడచి వచ్చే రోగులు మొదలైనారు. పూర్వము ఆశ్రమముల ద్వారములకు కాపలా ఉండేది రోగి పారిపోకుండ. ఇప్పుడు చోటు లేదని రోగులను త్రిప్పి పంపవలసి వచ్చినది. ఒక నూనె చేసిన అసలు మార్పు ఇదేనని మా అభిప్రాయము. నిజమునకు ఆ నూనె ఎంతమందిని బాగుచేసినదో తరువాతి వైద్యులు సందేహించినారు. తొలిదశలోని రోగము కొందరిలో దానంతట అదే శమించుట కద్దని ఇప్పుడు మనకు తెలుసు. కాని తిరిగి ఇంటికి పోగలనన్న ఆశ ఆ సూదితోనే లోపలికి వెళ్ళినది. ఆ ఆశ వలననే రోగి మచ్చ చిన్నదిగా ఉన్నప్పుడే వైద్యుని ముందుకు రాసాగినాడు.

అప్పటి వైద్యులు ఒక మాట దగ్గర చాల జాగ్రత్తగా ఉండేవారు. రోగము "నయమైనది" అని వ్రాసేవారు కారు. "లక్షణములు లేవు" అని వ్రాసేవారు. కాగితము పట్టుకొని ఇంటికి వెళ్ళిన మనిషి, ఆరునెలలకొకసారి వచ్చి చూపించుకొనవలెను. మా ఉత్తరములోని రైతు అడిగిన ప్రశ్న అప్పటికే ఆ కాగితములో దాగి ఉన్నది. లక్షణములు లేవు సరే, రోగము పోయినదా? ఊరివారు కూడ ఆ ప్రశ్ననే అడిగేవారు, ఇంకొంచెము కటువుగా.

ఇసబెల్ కెర్ 1932లో మరణించినారు. డిచ్‌పల్లిలో పనిచేసిన వైద్యులలో జాన్ లో అనే ఆయనను ఇక్కడ చెప్పుకొనవలెను. ఆయన డిచ్‌పల్లిలో ఈ వ్యాధిని లోతుగా పరిశీలించి, పిమ్మట కలకత్తాలో పరిశోధన సాగించి, చివరకు ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్ళినాడు. ఈలోపల వైద్యశాస్త్రములో పెద్ద మలుపు వచ్చినది. 1941లో అమెరికాలోని కార్విల్ అనే చోట, ఫేజెట్ అనే వైద్యుడు ప్రోమిన్ అనే సల్ఫోను మందును నరములోనికి ఎక్కించి కుష్ఠును అణచగలిగినాడు. ఆ మందు ఖరీదైనది. రోజూ సూది పొడవవలెను. బీదదేశములలో లక్షలమందికి అది సాధ్యమా? ఆ మందుకు మూలపదార్థమైన డాప్సోను 1908లోనే జర్మనీలో తయారైనది. అది విషమని వైద్యులు భయపడి దూరముగా ఉంచినారు. మన ప్రక్కనే చెంగల్పట్టులో రాబర్టు కాక్రేన్ దానిని సూదిద్వారా తక్కువ మోతాదులో వాడి చూచినాడు. నైజీరియాలోని ఉజువాకోలీలో జాన్ లో ఇంకొక అడుగు వేసి, డాప్సోనును చిన్న మాత్రగా నోటితో ఇచ్చినా చాలునని 1940ల చివర నిరూపించినాడు. చౌకయైన మాత్ర. సూది లేదు, ఆసుపత్రిలో పడక అక్కరలేదు. డిచ్‌పల్లిలో నూనెసూదుల బాధను కండ్లారా చూచినవాడు ఆ మాత్ర విలువను ఇతరులకన్న బాగుగా ఎరిగియుండవలెను. ఇది మా ఊహయే సుమా.

మాత్ర వచ్చుటతో వైద్యము గోడలు దాటి ఊళ్ళలోనికి వచ్చినది. స్వతంత్ర భారత ప్రభుత్వము 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ పథకమును ప్రారంభించినది. అంతకు ముందే 1951లో గాంధీ స్మారక కుష్ఠు నివారణ సంస్థ వార్ధాలో ఏర్పడి, ఇంటింటికి తిరిగి పరీక్షించుట, నచ్చజెప్పుట, మందు ఇచ్చుట అనే పద్ధతిని నేర్పినది. హైదరాబాదులో 1958లో రాణీ కుముదినీదేవి కూకట్‌పల్లి దగ్గర శివానంద పునరావాస కేంద్రమును నెలకొల్పినారు. సైకిలు మీద సంచి తగిలించుకొని వచ్చే కుష్ఠు కార్యకర్తను ఆ తరము పల్లెలు ఎరుగును. ఆయన వస్తున్నాడంటే కొన్ని ఇండ్ల తలుపులు మూసుకొనేవి. ఆయన సైకిలు ఒక ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి గుట్టు ఊరికి తెలిసిపోతుందని భయము. అందుచేత తెలివిగల కార్యకర్త నాలుగిండ్ల అవతల సైకిలు నిలిపేవాడు. చికిత్సలో ఇది కూడ ఒక భాగమేనని ఏ వైద్యగ్రంథములోను వ్రాసి ఉండదు.

మాత్రకు ఒక లోపమున్నది. ఎన్నేండ్లు మింగవలెను? తీవ్రమైన రోగమునకు జీవితాంతము మింగవలెనని చెప్పేవారు. ఒంట్లో బాధలేని మనిషి, మచ్చ మాసిన మనిషి, ప్రతిదినము పది ఇరువదేండ్లు మాత్ర మింగుట ఎంత కష్టమో మధుమేహము, రక్తపోటు కలవారు చెప్పగలరు. నాట్లు వచ్చినవి, ఒక వారము మరచినారు. కూతురి పెండ్లి, ఒక నెల మానినారు. అక్కడక్కడ క్రిమి ఆ మందుకు అలవాటుపడినది. 1964లో మలేషియాలో ఈ సంగతి నిస్సందేహముగా రుజువైనది. ఇన్నేండ్ల శ్రమ వృథా అవుతుందేమోనని శాస్త్రజ్ఞులు బెంబేలుపడినారు.

చివరకు 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు మూడు మందుల కలయికను నిర్ణయించినారు. నెలకొకసారి వైద్యసిబ్బంది ఎదుట మింగే రిఫాంపిసిను, ప్రతిదినము మింగే డాప్సోను, క్లోఫాజిమిను. రోగము స్వల్పమైతే ఆరు నెలలు. ఎక్కువైతే మొదట రెండేండ్లు, పిమ్మట 1998 నుండి పన్నెండు నెలలు. 1995 నుండి ఈ మందులు ప్రపంచమంతటా ఉచితముగా అందుచున్నవి. పసుపు విత్తిన నాటి నుండి తవ్వేవరకు సుమారు తొమ్మిది నెలలు. ఆర్మూరు ప్రాంతపు రైతుకు ఈ గడువు పెద్దది కాదు. ఒక పంట కాలమునకు కొంచెము ఎక్కువ. డిచ్‌పల్లిలో నూనెసూదులు పొడిపించుకొన్న వారి ఎదుట ఈ లెక్క చెప్పియుంటే నమ్మేవారు కారు.

అయినను మధ్యలో మానేవారు లేకపోలేదు. మొదటిసారి రిఫాంపిసిను మింగినవాడు మూత్రము ఎర్రగా రాగా రక్తము పోతున్నదని హడలిపోతాడు. క్లోఫాజిమిను చర్మమును నల్లబరుస్తుంది. మందు ఆపిన కొన్ని నెలలకు ఆ నలుపు తగ్గుతుంది. కాని అంతలోపల ఊళ్ళో "ఏమయ్యా, ఇట్లా నల్లబడినావు?" అని అడిగినవారికి ఏమి చెప్పవలెను? రోగమును దాచిపెట్టవచ్చును, మందును దాచిపెట్టలేము. ఈ మాటను ముందే వివరించి చెప్పిన కార్యకర్త వద్ద రోగులు నిలిచినారు. చెప్పనివారి వద్ద నిలువలేదు.

1983లో పథకము పేరు "నియంత్రణ" నుండి "నిర్మూలన"కు మారినది. 2005 డిసెంబరు నాటికి దేశములో ఈ రోగము పదివేలమందికి ఒకరికన్న తక్కువకు దిగినది. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు నిర్మూలించబడినదని ప్రకటించినారు. మేము అప్పుడు ఉద్యోగమునకు క్రొత్త. ఆ వార్తను మేముకూడ ఉత్సాహముగా చదివినాము. "ప్రజారోగ్య సమస్యగా" అనే రెండు మాటలను ఒత్తి పలుకవలసినది. పలుకలేదు. విన్నవారికి రోగము పోయినదనే అర్థమైనది. ఆ సంవత్సరములలోనే సైకిలు కార్యకర్తల ప్రత్యేక యంత్రాంగమును సాధారణ ఆరోగ్యశాఖలో కలిపివేసినారు. రోగి అందరితోబాటు ప్రాథమిక ఆరోగ్యకేంద్రము వరుసలో నిలువగలుగుట గొప్ప మేలే. వేరు గది, వేరు ద్వారము పోయినవి. కాని మచ్చను చూడగానే గుర్తుపట్టే కన్ను కూడ వానితోబాటు అరుదైనది. 2023వ సంవత్సరములో ప్రపంచమంతటా నమోదైన క్రొత్త రోగులు లక్షా ఎనుబదివేలకు పైగా. అందులో లక్షకు పైగా మన దేశమువారే.

నేటి రోగి నడిచే దారి ఎట్టిదో చూడండి. వీపుమీదనో మోచేతిమీదనో పాలిపోయిన మచ్చ. దురద లేదు, నొప్పి లేదు. నొప్పిలేని దానికి వైద్యుని వద్దకు ఎవరు పోతారు? ఏడాది తరువాత మందుల దుకాణములో తామరలేపనము. మరి కొన్నాళ్ళు ఊరి వైద్యుడు. ఆ తరువాత ఒక పసరు. బీడీలు చుట్టే స్త్రీ అయితే వేళ్ళు మొద్దుబారి ఆకు సరిగా మడవలేక రోజుకూలి తగ్గినప్పుడు మొదటిసారి కంగారుపడుతుంది. ఈ జిల్లాలో వేలకొలది స్త్రీలకు బీడీయే ఆధారము. వేలి మొనల స్పర్శయే వారి పెట్టుబడి. చివరకు వేలు వంగిన తరువాత పెద్దాసుపత్రి. 2016 నుండి ఆశా కార్యకర్తలతో ఇంటింటి పరీక్షలు మరల జరుపుచున్నది ఇందుకే. 2018 తరువాత రోగి ఇంటివారికి, ఇరుగుపొరుగు వారికి ముందుజాగ్రత్తగా ఒక్క మోతాదు రిఫాంపిసిను ఇచ్చే ఏర్పాటు కూడ వచ్చినది.

ఇప్పుడు చేతి సంగతికి వత్తుము. మందు క్రిమిని చంపుతుంది. చచ్చిన నరమును బ్రతికించలేదు. ఈ తేడాను లోకమునకు నేర్పినవాడు పాల్ బ్రాండు అనే శస్త్రవైద్యుడు. తమిళదేశములోని కొల్లిమలలో 1914లో పుట్టి, 1946లో వేలూరు వైద్యకళాశాలకు వచ్చినాడు. కుష్ఠులో వేళ్ళు రాలిపోతవని అందరూ నమ్మే కాలమది. ఆయన రోగుల వెంట తిరిగి ప్రతి గాయమునకు కారణము వెదకినాడు. వేడి గిన్నె, పగిలిన గునపపు పిడి, చెప్పులో చిక్కిన ముల్లు. రాత్రికిరాత్రి వేలిముక్క మాయమయ్యే రహస్యము తెలియక కొందరిని కావలి పెట్టగా, నిద్రలో ఎలుకలు కొరుకుచున్నవని తేలినది. నొప్పి లేదు గనుక రోగి మేలుకొనడు. ఆ తరువాత ఇంటికి పోయే రోగికి ఆయన ఒక పిల్లిని ఇచ్చి పంపేవాడట. వంగిన వేళ్ళను బాగుచేయుటకు 1948 నుండి బలముగల స్నాయువును తెచ్చి బలహీనమైన దానికి అతికే శస్త్రచికిత్స మొదలుపెట్టినాడు. మొద్దుబారిన పాదములకై మెత్తటి రబ్బరు అడుగుతో చెప్పులు కుట్టించినాడు. ఆ చెప్పులను నేటికీ ఆరోగ్యకేంద్రములలో ఇస్తారు. వేసుకొన్నవానిని చెప్పులను బట్టి గుర్తుపడతారని కొందరు తీసుకొనరు. చూడటానికి మామూలు చెప్పులవలె కుట్టుట కూడ వైద్యమేనని తెలిసినచోట మాత్రము అవి అరుగుచున్నవి.

చట్టము మారుటకు చేతికన్న ఎక్కువ కాలము పట్టినది. 1898 నాటి చట్టమును పార్లమెంటు 2016లో రద్దుచేసినది. భార్యకో భర్తకో కుష్ఠు ఉన్నదని విడాకులు కోరే వీలును 2019లో తొలగించినారు. మందు పన్నెండు నెలలకు దిగిన పిమ్మట కూడ ఇరువదేండ్లు ఆ అక్షరములు మన వివాహచట్టములో కూర్చుండియున్నవి.

జక్రాన్‌పల్లి రైతుకు వైద్యులను సంప్రదించి మేము వ్రాసిన జవాబు ఇది. అయ్యా, మీ రోగము పోయినది. మీ వలన ఇంటివారికి గాని, ఊరివారికి గాని భయము లేదు. మందు మొదలుపెట్టిన కొద్ది దినములకే ఆ భయము పోయినది. మీ చేతికి కలిగిన నష్టము వేరు. అది రోగము విడిచిపోయిన మచ్చ వంటిది. వేళ్ళు మొద్దుబారి ఆరునెలలు కాకుండ ఉంటే వెంటనే ఆరోగ్యకేంద్రమునకు వెళ్ళి చెప్పండి. కొన్ని వారములు వాడే మందుతో నరము కొంత తేరుకొనవచ్చును. మందు పూర్తయిన తరువాత కూడ ఎప్పుడైన మోచేతి దగ్గర నరము ఉబ్బి నొప్పిచేసినా, మచ్చలు ఎర్రబడి వాచినా, వేలికి బలము తగ్గినా, రోగము తిరుగబెట్టినదని దిగులుపడి ఇంట్లో కూర్చొనవద్దు. అది చాలమందికి వచ్చే ప్రతిచర్య. ఆలస్యము చేయకుండ చూపించుకొన్నవారికి నరము దక్కుతుంది. ఆలస్యము చేసినవారికి వేలు వంగుతుంది. ఆరునెలలు దాటి ఉంటే ఆ రెండు వేళ్ళను మీ కండ్లతో కాపాడుకొనండి. ప్రతి సాయంత్రము వెలుతురులో చేతులు, పాదములు చూచుకొనండి. ఎడమచేతి వెనుకభాగము మీకు కనబడనిచోట ఇంటామెను చూడమనండి. చేతిని నీళ్ళలో కొంతసేపు నానబెట్టి నూనె రాయండి. బాణలి దగ్గర కుడిచేతితో పని చేయండి. ఎడమచేతికి దళసరి బట్ట చుట్టుకొనండి. ఉడికిన కొమ్ములు తోడే గరిటెకు పొడుగాటి కొయ్యపిడి వేయించండి. బీడీ ముట్టించే అలవాటు ఉంటే ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకొనవద్దు.

ఉత్తరము వేసి మూడు వారములైనది. జవాబు ఇంకా రాలేదు. పసుపు తవ్వకాలు, ఉడకబెట్టుట, ఎండబెట్టుట, ఆపైన నిజామాబాదు మార్కెట్టు. ఈ రోజులలో ఆ ప్రాంతపు రైతుకు కలము పట్టే తీరిక ఉండదని మాకు తెలుసు.